ఎనభై ఏడు వేల మంది అమ్మానాన్నలు

ముందుగా ఒక ఒప్పుకోలు. నాలుగేళ్ల క్రితం నా కథల పుస్తకం వేద్దామని స్నేహితుల దగ్గరా, వాళ్ల స్నేహితుల దగ్గరా ముందే డబ్బులు తీసుకున్నాను. మనిషికి రెండొందలు. అరవై మూడు మంది ఇచ్చారు. పుస్తకం ఇంకా రాలేదు. కాబట్టి ‘బ్రోకెన్ ఏజ్’ అనే గేమ్ గురించి ఇక్కడ రాసేదాన్ని తటస్థుడి మాటగా తీసుకోకండి. చందాలు వసూలు చేసి ఇంకా లెక్క చెప్పని మనిషి, పక్కింటివాడి చందా లెక్క తిరగేస్తున్నాడనుకోండి.

టిమ్ షేఫర్ తొంభైల్లో లూకస్‌ఆర్ట్స్ కంపెనీలో పనిచేసిన రచయిత. 1998లో వచ్చిన ‘గ్రిమ్ ఫండాంగో’ ఆయనదే. అడ్వెంచర్ గేమ్ అంటే పేరు చూసి ఏవో యుద్ధాలనుకోవద్దు. తుపాకీ ఉండదు, తొందర ఉండదు. తెర మీద కనిపించే వస్తువుల మీద నొక్కుతాం, మనుషుల్ని మాట్లాడిస్తాం, ఇక్కడ దొరికిన తాడుని అక్కడ దొరికిన కొక్కేనికి కడతాం. కథ ఒక అడుగు ముందుకెళ్తుంది. కథలు చదివేవాళ్లకి గేముల్లో దగ్గరి చుట్టం ఏదన్నా ఉంటే ఇదే. ‘గ్రిమ్ ఫండాంగో’ని విమర్శకులు మెచ్చుకున్నారు, జనం పెద్దగా కొనలేదు. ఆ తర్వాత ఇలాంటి గేములకి పెట్టుబడి పెట్టే పెద్ద పబ్లిషర్లు దాదాపు లేకుండా పోయారు.

2012 ఫిబ్రవరిలో షేఫర్, ఆయన కంపెనీ డబుల్ ఫైన్ కలిసి కిక్‌స్టార్టర్‌లో నేరుగా ఆడేవాళ్లనే డబ్బు అడిగారు. నాలుగు లక్షల డాలర్లు. అందులో మూడు లక్షలు గేముకి, లక్ష ఆ గేమ్ తయారీని మొదట్నుంచీ చిత్రీకరించే డాక్యుమెంటరీకి. అప్పటికి గేముకి పేరు లేదు, కథ లేదు. అమ్మకానికి పెట్టింది ఒక మనిషి మీద నమ్మకాన్ని, ఒక పాత ఇష్టాన్ని. ఒక్క రోజులో పది లక్షల డాలర్లు దాటింది. మార్చి 13న ముగిసేసరికి 87,142 మంది కలిసి 33 లక్షల 36 వేల డాలర్లు ఇచ్చారు. అక్టోబరుకల్లా గేమ్ ఇస్తామన్నారు.

మొదటి సగం 2014 జనవరిలో వచ్చింది. రెండో సగం 2015 ఏప్రిల్‌లో.

డబ్బు ఎనిమిదింతలు వచ్చాక ఆలస్యం ఎందుకైందని చాలామంది అడిగారు. అంత వచ్చింది కాబట్టే అయింది. మూడు లక్షల గేమ్ ఊహించిన మనిషి చేతిలో అంత డబ్బు పడితే ఊహ కూడా దానంత పెద్దదవుతుంది, ఆ తర్వాత దాన్ని దాటిపోతుంది. పెళ్లి ఖర్చు రాసుకున్న ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. 2013 జులైలో షేఫర్ డబ్బిచ్చినవాళ్లకి సంగతి చెప్పేశాడు: ఈ లెక్కన మొదటి సగమే వచ్చే ఏడాది నడిమధ్యకి గానీ తేలదు, కాస్త కోసుకుని ముందు సగం అమ్ముతాం, ఆ డబ్బుతో మిగతాది పూర్తి చేస్తాం. మెచ్చుకున్నవాళ్లున్నారు, మోసం అన్నవాళ్లూ ఉన్నారు. డాక్యుమెంటరీలో ఆ భాగాలు చూస్తున్నప్పుడు రెండుసార్లు ఆపి లేచి వెళ్లాను. అది వాళ్ల తప్పు కాదు.

ఇక గేమ్. ఇక్కణ్నుంచి కథ బయటపడుతుంది, ఆడాలనుకునేవాళ్లు ఆడి రండి.

వెల్లా అనే అమ్మాయి షుగర్ బంటింగ్ అనే ఊళ్లో ఉంటుంది. ఒకప్పుడు వీరులున్న ఊరు, ఇప్పుడు కేకులు చేసుకుంటోంది. మాగ్ చోత్రా అనే రాకాసి వచ్చినప్పుడు ఊరు ఊరంతా పండగ చేసి, ఆడపిల్లల్ని కేకుల్లా ముస్తాబు చేసి దానికి అప్పగిస్తారు. ఎంపికైనందుకు ఇంట్లో అందరూ మురిసిపోతారు. బండెడన్నం తినే బకాసురుడి కథ విని పెరిగినవాళ్లం కాబట్టి ఈ ఏర్పాటు మనకేం కొత్త కాదు. కొత్తదేమిటంటే, భీముడెవరూ రాడు. దానితో ఎందుకు పోరాడకూడదని వెల్లాయే అడుగుతుంది. ఆ ఇంట్లో ఆమెని సమర్థించేది తాతయ్య ఒక్కడే.

అటువైపు షే అనే కుర్రాడు. వాడికి గొంతిచ్చింది మన ఫ్రోడో, ఇలైజా వుడ్. ఒక అంతరిక్ష నౌకలో ఒంటరిగా ఉంటాడు. నౌకని నడిపే కంప్యూటర్‌ని అమ్మ అంటాడు. ఆ అమ్మ వాణ్ని చంటిపిల్లాడిలా చూసుకుంటుంది. తినిపిస్తుంది, పడుకోబెడుతుంది, రోజూ ‘సాహసాలకి’ పంపుతుంది. ఐస్‌క్రీమ్ కొండ విరిగిపడితే కింద చిక్కుకున్నవాళ్లని కాపాడాలి. ఎలా? తినాలి. ఏ సాహసంలోనూ దెబ్బ తగలదు. గెలవడం తప్ప వేరే దారి ఉండదు. ఈ ఇద్దర్లో ఎవరి కథలోకైనా ఎప్పుడైనా మారచ్చు. మొదటి సగం చివర్లో తెలుస్తుంది, షే ఉన్న నౌకా వెల్లా ఊరి మీదికొచ్చిన రాకాసీ ఒకటేనని. వాడు లోపల్నుంచి కాపాడుతున్నాననుకున్నవాళ్లు బయట బలైపోతున్న పిల్లలు. ఆ క్షణం దగ్గర నేను మౌస్ వదిలేసి కాసేపు అలా కూర్చున్నాను.

ఇంత మంచి మలుపు ఈ మధ్య నవలల్లో కూడా తక్కువ చదివాను. అది కేవలం తెలివి కాదు. ప్రేమించేవాళ్లే మనల్ని పంజరంలో పెడతారని, వాళ్లు ప్రేమగా చేయించే పని ఇంకెవరి ఇంట్లోనో శవాన్ని లేపుతుందని ఒక్క బొమ్మతో చెప్తుంది. షేఫర్ ఉద్దేశం ఏమైనా గానీ, నాకు ఆ నౌకలో అమ్మ మాట వినపడినప్పుడల్లా 87,142 మంది గుర్తొచ్చారు. వాళ్లు కోరిందీ అదే కదా: మా చిన్నప్పటి ఆట మళ్లీ కావాలి, అదే రుచి, అదే గిన్నెలో. ఆ ప్రేమతో బతుకుతున్న గేమ్, ఆ ప్రేమలోంచి బయటికి నడిచే పిల్లాడి కథ చెప్పింది. మొదటి సగం గొప్పదనం అక్కడుంది.

రెండో సగం మాట వేరు. మొదటి సగం మీద వచ్చిన పెద్ద ఫిర్యాదు, పజిళ్లు మరీ సులువని. ఆ ఫిర్యాదు చేసింది ఎక్కువగా పాత ఆటగాళ్లే, అంటే చందాదారులే. రెండో సగంలో పజిళ్లు ఒక్కసారిగా ముదిరిపోయాయి. చిన్న రోబోల తీగల్ని తీసి మళ్లీ మళ్లీ కలపాలి. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఇంకోటి: షే వైపు చూసిన సంగతి వెల్లాకి అక్కరకొస్తుంది, వెల్లాకి తెలిసింది షేకి పనికొస్తుంది. వాళ్లిద్దరూ ఆ మధ్యలో ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆడేవాడికి తెలుసు, పాత్రకి తెలియదు. అయినా పాత్ర చేసేస్తుంది. కథలో ఇలా రాస్తే వర్క్‌షాపులో ఎవరో ఒకరు పట్టుకుంటారు, “ఈ సంగతి ఈవిడకెలా తెలుసండీ?” అని. కొత్త చోట్లు కూడా పెద్దగా లేవు. ఇద్దరూ స్థానాలు మార్చుకుని, మనం ముందే తిరిగిన ఊళ్లల్లోనే తిరుగుతారు. డబ్బు అయిపోయిన ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంటుంది: గోడలున్నాయి, సున్నం లేదు.

మరి జనం మాట వింటే కళ చెడుతుందా? అలా అనేసి చేతులు దులుపుకోవడం సులువు. మన దగ్గర వినడం ఎప్పుడూ ఉంది. హరికథ మధ్యలో ఎవరో పది రూపాయల నోటు పంపిస్తే, దాసుగారు సీతమ్మని అశోకవనంలో అలాగే కూర్చోబెట్టి, ఫలానా వారబ్బాయి పది రూపాయలు చదివించారని ఆశీర్వదించి, మళ్లీ లంకలోకి వెళ్లేవారు. కథ చెడలేదు. చదివింపు పేరు దగ్గర ఆగింది, హనుమంతుడు ఏ కొమ్మ మీద కూర్చోవాలో చెప్పలేదు.

దీన్ని నాకు చక్కగా చూపించిన గేమ్ ‘థింబుల్‌వీడ్ పార్క్’. షేఫర్‌తో ‘మంకీ ఐలాండ్’ చేసిన రాన్ గిల్బర్ట్, పాత సహచరుడు గ్యారీ విన్నిక్ కలిసి 2014లో ఇలాగే కిక్‌స్టార్టర్‌కి వెళ్లారు. పదిహేను వేల పైచిలుకు మంది ఆరు లక్షల 26 వేల డాలర్లిచ్చారు. 2017 మార్చిలో గేమ్ వచ్చింది. 1987 నాటి ఒక పాడుబడ్డ ఊరు, నది ఒడ్డున శవం, విచారణకొచ్చిన ఇద్దరు ఏజెంట్లు. ఆ ఊళ్లో ఒక టెలిఫోన్ డైరెక్టరీ ఉంటుంది. అందులో పేర్లు డబ్బిచ్చినవాళ్లవి. ఏదో ఒక నంబరు తిప్పితే, వాళ్లు సొంత గొంతుతో రికార్డు చేసి పంపిన మెసేజీ వినపడుతుంది. గ్రంథాలయంలో పుస్తకాలు తెరిస్తే వాళ్లు రాసిన పేజీలుంటాయి. కొన్ని చెత్త, కొన్ని భలే ఉన్నాయి.

ఒక రాత్రి విచారణ పక్కన పెట్టి గంటసేపు ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. ఊరంతా ఖాళీ. ఏ నంబరు తిప్పినా మనిషి ఎత్తడు, మెషీన్ మాట్లాడుతుంది. ఒకడు జోకేస్తాడు, ఒకామె నవ్వు ఆపుకోలేకపోతుంది, ఇంకొకరి వెనకాల పిల్లల అల్లరి వినపడినట్టే ఉంది. చందాదారుల పేర్లు వేయాలన్న మొక్కుబడిని ఆ ఊరి ఒంటరితనంలో కలిపేశారు. వేలమంది ఉన్నారు, ఒక్కరూ ఇంట్లో లేరు. పజిళ్లు మాత్రం గేమ్ తయారుచేసినవాళ్లవే. ముగింపైతే చాలామంది అభిమానులకి నచ్చలేదు. నాకు నచ్చింది. అడిగి రాయించుకునే ముగింపు కాదది.

కథగా చూస్తే ‘థింబుల్‌వీడ్’ కన్నా ‘బ్రోకెన్ ఏజ్’ మొదటి సగం పెద్ద రచన, ఆ విషయంలో సందేహం లేదు. కానీ ‘బ్రోకెన్ ఏజ్’ డాక్యుమెంటరీ ఆ రెంటికన్నా ఎక్కువ కాలం నా వెంట వస్తుందనుకుంటా. మొదట చందాదారులకే చూపించారు, తర్వాత యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టారు. షేఫర్ నోటుబుక్కులో చేత్తో రాసుకుంటూ ఉంటాడు. బొమ్మలు వేసేవాళ్లు ఆయన రాయాల్సిన సీన్ల కోసం ఎదురుచూస్తూ ఉంటారు. తెల్లకాయితం ముందు కూర్చున్న మనిషిని అప్పు ఇచ్చినవాళ్లందరూ చూస్తుండగా చిత్రీకరించడం! ఆ కెమెరాకి ఆయనే ఒప్పుకుని, దానికి చందాల్లోంచి జీతమిచ్చాడు. నేనైతే నా అరవై మూడు మందికి ఏడాదిగా ఒక్క మెసేజీ కూడా పెట్టలేదు. ఆలస్యమైందని చెప్పడానికైనా ముందు కొంచెం రాసి ఉండాలి కదా అనుకుంటూ వాయిదా వేశాను.

మొన్న ఆ ఫైల్ తెరిచాను. పదకొండు కథల్లో ఏడు ఉన్నాయి. డబ్బిచ్చినవాళ్ల పేర్లు పుస్తకం చివర వేస్తానని అప్పట్లో మాటిచ్చాను. ఆ పేజీ ఒక్కటే డీటీపీ పూర్తయి, ప్రూఫులు కూడా దిద్ది ఉంది.