అడుగున రెండో సంతకం

పెన్నూ ఇంకుతో బొమ్మలు వేసేవాళ్లకు ఏదో ఒక వయసులో గుస్తావ్ డోరే పిచ్చి పట్టి తీరుతుంది. నాకు గట్టిగానే పట్టింది. ఆ సన్నగీతల వెలుగునీడల కోసం ఎన్ని నిబ్బులు అరగదీశానో! అయితే ఆ గీతలు చాలామటుకు డోరే చేతివి కావు.

1832లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టి 1883లో పోయేలోగా ఆయన పుస్తకాలకు బొమ్మలు వేస్తూ దాంతేని, సెర్వాంటెస్‌ని, బైబిల్‌ని, ఎవర్నీ వదల్లేదు. 1861 నాటి దాంతే 'ఇన్ఫెర్నో'కయితే సొంత డబ్బే పెట్టుకున్నాడు. ఇంత పని ఎలా సాగిందంటే, బాక్స్‌వుడ్ దిమ్మ మీద కుంచెతో నీడలు పూసి ఇచ్చేసేవాడు. మిగతాది చెక్కేవాళ్ల పాట్లు. బాక్స్‌వుడ్ మాను లావెక్కదు, దాన్ని అడ్డంగా కోస్తే వచ్చేది చిన్న పలకే. పెద్ద బొమ్మ కావాలంటే పలకలు జోడించాలి. తవ్విన చోట అచ్చులో తెలుపు, వదిలిన చోట నలుపు. కుంచె పూతలో గీతే ఉండదు కదా, మరి ఆ బూడిదరంగుని ఏ గీతగా మార్చాలో ఉలి పట్టినవాడే తేల్చుకోవాలి. చెక్కుతున్నకొద్దీ అసలు బొమ్మ పొట్టు పొట్టుగా రాలిపోతుంది.

1863 నాటి 'డాన్ క్విక్సోట్' తెరవండి. కుర్చీలో కూర్చుని కత్తి ఎత్తిన ముసలాయన, చుట్టూ ఆయన బుర్రలోంచి ఊడిపడ్డ వీరులూ రాక్షసులూ. అంత మంది కిక్కిరిసినా బొమ్మ మసిముద్ద కాలేదు. ఆ పనితనం దాన్ని చెక్కిన ఎలియోడోర్ పిసాన్‌ది. ఈ పుస్తకంలో చాలా బొమ్మల అడుగున ఓ మూల డోరే సంతకం, రెండో మూల పిసాన్‌ది.

డోరే నూనెరంగుల్లో భారీ కాన్వాసులూ వేశాడు. అభిమానులు కోప్పడకూడదు గానీ, అవి చూస్తే నాకు ఆవులింతలొస్తాయి. అక్కడ పిసాన్ లేడు మరి.

లండన్ మీద డోరే బొమ్మలతో వచ్చిన 1872 నాటి పుస్తకంలో, న్యూగేట్ జైలు పెరట్లో ఖైదీలు గుండ్రంగా తిరిగే బొమ్మ చెక్కిందీ పిసానే. 1890లో సేన్-రెమీ ఆసుపత్రిలో ఉన్న వాన్‌గో ఆ అచ్చుని చూస్తూ రంగుల్లో వేశాడు. అదిప్పుడు మాస్కో పుష్కిన్ మ్యూజియంలో ఉంది. నీలాలూ ఆకుపచ్చలూ వాన్‌గో సొంతం. ఆయన ఎదుట ఉన్న అచ్చులో మాత్రం తెలుపూ నలుపే, అదీ పిసాన్ తేల్చినంత మేర.