పసుపు కొమ్ముకూ పండు గుజ్జుకూ

కొత్తపేట నుంచి పండ్ల మార్కెట్టు బాటసింగారానికి వచ్చినప్పటి నుంచి ఎండాకాలంలో మా ఇంట్లో మామిడిపండ్లకు కొదువ లేదు. తిన్నన్ని తినగా మెత్తబడ్డవన్నీ గుజ్జు కావాల్సిందే. ఏడాదికి సరిపడా పొడులు చేసుకునేదీ ఆ ఎండల్లోనే. పోయిన వేసవి ఈ రెండు పనుల మధ్య మా పాత మిక్సీ నలిగిపోయింది. తప్పు నాదే. పసుపు కొమ్ములు దంచకుండా జారులో పోశాను. గరగరమని అరిచి, పొగ వాసన కొట్టి ఆగిపోయింది.

ఎల్బీనగర్‌లో బాగుచేసే పెద్దాయన అడుగు విప్పి చూశాడు. ‘కప్లర్ అరిగితే మార్చేటోణ్ణమ్మా, వైండింగే కాలింది. కొమ్ములు రోట్ల దంచి ఎయ్యాలె గదా’ అన్నాడు. లేచి వస్తుంటే ఇంకో మాట చెప్పాడు: ‘కొత్తది కొంటే వాట్లు చూసి మురవకు. చిన్న జారు చూడు.’

దిల్‌సుఖ్‌నగర్ షాపులో ఆ మాటే పట్టుకుని నిలబడ్డాను. 500, 750, 1000 అంటూ అమ్మే అబ్బాయి వాట్లు చదువుతున్నాడు. వాట్లు చెప్పేది మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో. మెదిగేది మాత్రం బ్లేడు దగ్గర. చట్నీ జారు మూత తీసి లోపల వేలు పెట్టి చూశాను. బ్లేడుకూ అడుగుకూ మధ్య ఎడం ఎక్కువుంటే నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు దాని కింద దాక్కుంటాయి, లేదంటే ఎగిరి గోడలకు అంటుకుంటాయి. రోజూ మనం నూరేది ఆ కొంచెమే. మూత వాషరు విడిగా దొరుకుతుందా, కప్లర్ మన పేటలోనే మారుస్తారా అని కూడా అడిగాను. చివరికి 750 వాట్లది, మూడు జార్లది తెచ్చుకున్నాను.

మన మిక్సీ పుట్టిందే ఇలాంటి కష్టంలోంచి. బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఉండేవారు. ఆయన భార్య మాధురి వాడుతున్న విదేశీ మిక్సీ మన వంటింటి నూరుడుకు ఆగలేక కాలిపోయింది. అది మెత్తటి వాటిని కలపడానికి చేసిన యంత్రం మరి. మన మసాలాకు, పిండికి తట్టుకునే మోటారుతో 1963లో ‘సుమీత్’ వచ్చింది. ఆ ఇల్లాలి చిరాకుకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఎండుమిర్చి, ధనియాలు వేయించాక పూర్తిగా చల్లారనిస్తాను. వేడి మీద తిప్పితే ఆవిరి మూతకు పట్టి పొడి ముద్ద కడుతుంది, వాసనా పోతుంది. సగం జారే నింపుతాను. నువ్వుల్ని రెండు క్షణాలకోసారి ఆపి ఆపి తిప్పాలి, ఒకటే ఊపున వదిలితే నూనె దిగుతుంది. బంగినపల్లికి పీచు లేదు, పెద్ద జారులో హాయిగా గుజ్జవుతుంది. రసాల పీచు బ్లేడుకు చుట్టుకుంటుంది. వాటిని చేత్తో పిసికి జల్లెడ పట్టడమే మేలు. అసలు రసం పండును మిక్సీలో వేయడం నాకు ఇష్టం లేదు, అది జుర్రుకునే పండు.

ఈ ఏడు కొమ్ములు దంచడానికి పెరట్లో బోర్లించిన రోలు తిప్పి కడిగాను. నలగ్గొట్టిన ముక్కల్ని గిర్నీకి పంపాను. రోలు పగుళ్లలో ఇంకా పసుపు ఉంది.