కొల్లేరు కొలతలు - కొల్లేటి మాటలు: పర్యావరణ పరిశోధన ప్రాజెక్టుల పద్ధతిపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

పర్యావరణ నిర్వహణ, పరిరక్షణ అంశాలపై స్నాతకోత్తర విద్యార్థులు చేసే పరిశోధన ప్రాజెక్టులకు కొల్లేరు సరస్సు చాలాకాలంగా ఇష్టమైన క్షేత్రం. అదే సరస్సు తెలుగు శాఖల్లో ‘పర్యావరణ స్పృహ’ అనే శీర్షిక కింద సాహిత్య పరిశోధనకూ వస్తువైంది. ఒక వర్గం సరస్సును కొలుస్తుంది, మరొక వర్గం సరస్సు గురించి రాసిన మాటలను ఏరుతుంది. ఈ రెండు ధోరణుల్లోని పద్ధతి లోపాలను పరిశీలించి, ఒకదాని లోటును మరొకటి ఎలా పూరించగలదో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కొల్లేరు, కాంటూరు, పరిశోధన ప్రాజెక్టు, పర్యావరణ విమర్శ, కొల్లేటి జాడలు, ప్రాతిపదిక.

1. ఉపోద్ఘాతం:

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లపు భూమిలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు, అనేక మురుగు కాలువలు ఇందులో కలుస్తాయి. ఇక్కడి నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రం చేరుతుంది. 1970ల మధ్యలో మత్స్యకారుల సహకార సంఘాల పేరిట ప్రభుత్వమే ఇక్కడ చేపల చెరువులను ప్రోత్సహించింది. తర్వాతి దశాబ్దాల్లో అవి పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్లి సరస్సు గర్భాన్ని ఆక్రమించాయి. 1999లో ప్రభుత్వం దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో ఇది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువుల గట్లను పెద్దఎత్తున తొలగించారు.

ఇంత చరిత్ర ఉన్న క్షేత్రం విద్యార్థిని ఆకర్షించడం సహజం. ఆ ఆకర్షణ ఎలాంటి ప్రశ్నలుగా మారుతున్నదన్నదే ఇక్కడ విచార్యం.

2. సరిహద్దు - ఏ కొల్లేరు?

ఏ ప్రాజెక్టయినా ‘అధ్యయన ప్రాంతం’ అనే అధ్యాయంతో మొదలవుతుంది. అందులో అక్షాంశ రేఖాంశాలు, పటం, విస్తీర్ణం ఇస్తారు. కొల్లేరు విషయంలో ఆ విస్తీర్ణమే వివాదాంశం. అభయారణ్యం హద్దు సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తున ఉన్న కాంటూరు. దాని పరిధి సుమారు 308 చదరపు కిలోమీటర్లు. రామ్‌సర్ జాబితాలో నమోదైన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. హద్దును మూడో కాంటూరుకు కుదించాలని రాష్ట్ర శాసనసభ 2008లో తీర్మానించింది. అలా కుదిస్తే మిగిలేది సుమారు 135 చదరపు కిలోమీటర్లే. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఆ కుదింపును సమర్థించలేదు.

308, 901, 135 అనే ఈ మూడు సంఖ్యలూ కొల్లేరువే. ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క చట్టం, ఒక్కొక్క ప్రయోజనం ఉన్నాయి. నాలుగో కాంటూరులో జిరాయితీ భూమి ఉన్న చిన్నరైతుకు, అదే ఎత్తులో వందల ఎకరాలు లీజుకు తీసుకున్న చెరువుల యజమానికి, రెండో కాంటూరులో వల వేసే మత్స్యకారుడికి ఈ సంఖ్యల అర్థం ఒకటి కాదు. అయినా విద్యార్థి నివేదికలో వీటిలో ఒకటి ఏ వివరణా లేకుండా మొదటి వాక్యంలో స్థిరపడిపోతుంది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ‘ఇంత శాతం ఆక్రమణ’ అని తేల్చినప్పుడు, ఏ హద్దులో ఇంత శాతం అన్న ప్రశ్న దానితోపాటు రావాలి. హారం చెప్పని శాతానికి శాస్త్రీయత ఉండదు. రాజకీయ నిర్ణయాన్ని భౌగోళిక సత్యంగా స్వీకరించడం ఈ ప్రాజెక్టుల మొదటి లోపం.

3. కాలం - సెమిస్టరుకు అందని ఋతువు:

రెండో లోపం విద్యార్థిది కాదు, విద్యావ్యవస్థది. స్నాతకోత్తర ప్రాజెక్టు సాధారణంగా చివరి సెమిస్టరులో ఉంటుంది. శీతాకాలంలో అంశం ఖరారై వేసవిలో నివేదిక సమర్పణ జరుగుతుంది. ఈ కాలంలో విద్యార్థి చూసేది తగ్గుతున్న కొల్లేరును మాత్రమే. ఆటపాక వద్ద గూడబాతులు కనిపిస్తాయి. గుర్రపుడెక్క కనిపిస్తుంది. నీటిలో కరిగిన ప్రాణవాయువు, నైట్రేట్లు, ఫాస్ఫేట్లు కొలవవచ్చు. వరద మాత్రం కనిపించదు.

కొల్లేరుకు వరద ఉపద్రవం కాదు, స్వభావం. వానాకాలంలో విస్తరించి, డెల్టాను ముంచే నీటిని తనలో నిలుపుకొని, మెల్లగా సముద్రానికి వదలడం దాని పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని కాలనీలు నీట మునిగినప్పుడు ఆ నీటి గమ్యం కొల్లేరే. సరస్సులో అడ్డుగట్లు ఎంత ముఖ్యమైన విషయమో అటువంటి రోజుల్లో తెలుస్తుంది. ఆ రోజులు అకడమిక్ క్యాలెండరులో క్షేత్రపర్యటనకు కేటాయించినవి కావు. ఫలితంగా వేసవి నమూనాలతో రాసిన నివేదిక ‘సరస్సు నీటి నాణ్యత’ అనే శీర్షికతో వెలువడుతుంది. నిజానికి అది నాలుగు నెలల నీటి నాణ్యత.

ఒక సంవత్సరం పూర్తిగా క్షేత్రాన్ని గమనించే అవకాశం గతంలో ఎం.ఫిల్. స్థాయిలో ఉండేది. 2022 యు.జి.సి. నిబంధనలతో ఆ పట్టా రద్దయింది. సెమిస్టరు ప్రాజెక్టుకూ పిహెచ్.డి.కీ మధ్య ఒక వానాకాలాన్ని చూడగలిగిన మెట్టు తొలగిపోయింది. విధాన నిర్ణయానికి ఇతర కారణాలు ఉండవచ్చు. క్షేత్ర పరిశోధనకు కలిగిన ఈ నష్టం మాత్రం చర్చకు రాలేదు.

4. ప్రశ్నావళి భాష:

సామాజిక అంశాన్ని చేర్చాలనుకున్న ప్రాజెక్టుల్లో ప్రశ్నావళి అనివార్యం. ‘పర్యావరణ పరిరక్షణపై మీకు అవగాహన ఉందా?’ అనే తీరు ప్రశ్నలకు ‘పూర్తిగా ఉంది’ మొదలుకొని ‘అసలు లేదు’ వరకు ఐదు గడులు ఉంటాయి. ఆంగ్లంలో ఆలోచించి తెలుగులోకి మార్చిన ఈ ప్రశ్న లంక గ్రామంలోని మత్స్యకారుడిని పరీక్షకు కూర్చోబెడుతుంది. ‘పర్యావరణం’ పాఠ్యపుస్తకం ఇచ్చిన మాట. అతని జ్ఞానం ఆ మాటలో లేదు. ఏ నెలలో నీరు ఏ వైపు నుంచి ఎక్కుతుందో, ఉప్పునీరు ఉప్పుటేరు దాటి ఎంతవరకు వచ్చిందో, కొర్రమీను, మార్పు, ఇంగిలికం ఎక్కడ తగ్గాయో అతనికి తెలుసు. ఇవేవీ అడగని ప్రశ్నావళి చివరకు ‘స్థానికులలో అవగాహన తక్కువ’ అని తేలుస్తుంది. ఆ నిర్ధారణపై ‘అవగాహన సదస్సులు నిర్వహించాలి’ అనే సూచన నిలుస్తుంది. ఇక్కడ లోపించిన అవగాహన ఎవరిదన్నది ఆలోచించవలసిన విషయం.

చేపల పేర్లే ఒక ఉదాహరణ. శీలావతి, బొచ్చె చెరువుల్లో పెంచే చేపలు. కొర్రమీను, వాలుగ వేటలో దొరికేవి. ఒక గ్రామంలో రోజువారీ మాటల్లో ఏ పేర్లు నిలిచాయో, ఏవి వృద్ధుల నోట మాత్రమే వినిపిస్తున్నాయో నమోదు చేస్తే అది జీవవైవిధ్యంలో వచ్చిన మార్పుకు ఒక సూచిక అవుతుంది. ఈ పనికి ప్రయోగశాల అవసరం లేదు. భాషాశిక్షణ అవసరం. ఆ శిక్షణ ఉన్నవారు తెలుగు శాఖల్లో ఉన్నారు.

5. సాహిత్య పరిశోధన తీరు:

అయితే తెలుగు శాఖల్లో జరుగుతున్నదేమిటి? ‘పర్యావరణ స్పృహ’ శీర్షికతో వచ్చే సిద్ధాంత వ్యాసాల్లో ఒక స్థిరమైన నమూనా కనిపిస్తుంది. మొదట పర్యావరణానికి నిర్వచనాలు, తర్వాత వేదకాలం నుంచి ప్రకృతి ఆరాధన, ఆపై భూమి, నీరు, గాలి, అడవి అనే విభజన, ప్రతి విభాగం కింద కవితా పంక్తులు వరుసగా వస్తాయి. చెట్టు అనే మాట వచ్చిన ప్రతి పంక్తీ పర్యావరణ కవిత్వమవుతుంది. ఎన్. గోపి ‘జలగీతం’ వంటి దీర్ఘకావ్యం కూడా ఈ పద్ధతిలో ఉదాహరణల గనిగా మాత్రమే మిగులుతుంది. కావ్యం నీటిని ఏ చరిత్రలో నిలబెట్టింది, ఎవరి దాహాన్ని కేంద్రంగా తీసుకుంది అన్న ప్రశ్నలు వెనుకబడతాయి.

అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవల విషయంలో ఈ పద్ధతి పరిమితి మరింత స్పష్టమవుతుంది. కొల్లేటి గ్రామజీవనాన్ని, సరస్సు క్షీణతను చిత్రించిన ఈ నవల వసంత్ కన్నబిరాన్ అనువాదంతో ఆంగ్ల పాఠకులకూ చేరింది. దీనిని ‘ప్రకృతి వర్ణన’, ‘కాలుష్యం’ అనే గడుల్లో పంచిపెడితే నవల చెప్పే అసలు విషయం జారిపోతుంది. సరస్సు, ఊరు, ఉమ్మడి వనరుల నిర్వహణ పరస్పరం అల్లుకొని ఉండేవని, ఒకటి చెడితే మూడూ చెడుతాయని నవల చెబుతుంది. ఇది పర్యావరణ నిర్వహణకు సంబంధించిన వాదమే. దానిని అలా చదవడానికి కాంటూరు అంటే ఏమిటో, లీజు ఎలా నడుస్తుందో సాహిత్య విద్యార్థికి తెలిసి ఉండాలి.

6. ప్రాతిపదిక సమస్య:

ఈ రెండు రకాల పరిశోధనలూ కలవవలసిన చోటు ఒకటి ఉంది. మత్స్యశాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో ‘మారుతున్న ప్రాతిపదిక’ అనే భావనను ప్రతిపాదించారు. ప్రతి తరం శాస్త్రవేత్తలూ తమ వృత్తి ఆరంభంలో చూసిన స్థితినే సహజస్థితిగా భావిస్తారని, అందువల్ల అంతకుముందు జరిగిన నష్టం లెక్కలోకి రాదని ఆయన హెచ్చరించారు. ఈనాటి విద్యార్థికి చెరువులు లేని కొల్లేరు అనుభవంలో లేదు. అతని కొలతలు ఎంత కచ్చితమైనా అవి చెరువుల తర్వాతి కొల్లేరుతోనే మొదలవుతాయి. అంతకు ముందరి స్థితికి సాక్ష్యం ఉపగ్రహ చిత్రాల్లో కొంత, రెవెన్యూ దస్త్రాల్లో కొంత, మనుషుల జ్ఞాపకాల్లో, సాహిత్యంలో కొంత ఉంది.

సాహిత్యాన్ని సాక్ష్యంగా స్వీకరించడమంటే దానిని ప్రశ్నించకుండా నమ్మడం కాదు. జ్ఞాపకం గతాన్ని మెరుగుపెడుతుంది. ఏ కులం, ఏ వర్గం, స్త్రీయా పురుషుడా అన్నదాన్ని బట్టి గుర్తుండే కొల్లేరు మారుతుంది. వలవేటపై బతికినవారి జ్ఞాపకం, నీరు తీసిన నేలలో వరి వేసినవారి జ్ఞాపకం ఒకటిగా ఉండవు. ఈ భేదాలను విశ్లేషించడమే సాహిత్య విమర్శకు తెలిసిన విద్య. నీటి నమూనాను ఎప్పుడు, ఎక్కడ, ఎంత లోతులో తీశారని విజ్ఞానశాస్త్రం అడిగినట్లే, జ్ఞాపకాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరికి చెప్పారని విమర్శ అడుగుతుంది. రెండూ నమూనా విశ్వసనీయతకు సంబంధించిన ప్రశ్నలే.

7. ముగింపు:

పై పరిశీలన నుంచి కొన్ని ఆచరణీయమైన సూచనలు వస్తాయి. ప్రతి ప్రాజెక్టూ తాను ఏ హద్దును ఎంచుకున్నదో, ఎందుకు ఎంచుకున్నదో ఒక పేరాలోనైనా వివరించాలి. ఒక విద్యార్థి వేసవిలో ఆపిన చోట తర్వాతి బృందం వానాకాలంలో అందుకొనేలా శాఖలు ప్రాజెక్టులను గొలుసుగా రూపొందించాలి. పర్యావరణ శాస్త్ర నివేదికకు స్థానిక పదాల పట్టిక అనుబంధంగా ఉండాలి. దాని తయారీలో తెలుగు విద్యార్థి భాగస్వామి కావాలి. సాహిత్య సిద్ధాంత వ్యాసం తాను చర్చించే స్థలం పటాన్ని, చట్టాన్ని చదివి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నివేదిక సారం తెలుగులో ఆ గ్రామ పంచాయతీకి చేరాలి.

కొల్లేరు హద్దుపై వాదం ముగియలేదు. మూడో కాంటూరా, ఐదో కాంటూరా అన్నది తేల్చేటప్పుడు కొన్ని వేల కుటుంబాల జీవనం, ఒక సరస్సు మనుగడ ఒకే త్రాసులో ఉంటాయి. ఆ సమయంలో విశ్వవిద్యాలయాల పరిశోధన ఏ పక్షానికైనా ఉపయోగపడాలంటే అది ముందుగా నమ్మదగినదై ఉండాలి. హద్దు, ఋతువు, భాష అనే మూడింటినీ ప్రశ్నించకుండా వచ్చిన కొలతలు కచ్చితంగా కనిపించవచ్చు గాని నమ్మదగినవి కావు. స్థలాన్ని ఎరగని సాహిత్య విమర్శకూ అదే పరిమితి వర్తిస్తుంది. పట్టా కోసం చేసే పనిగా కాక, ఒక స్థలానికి జవాబుదారీ వహించే పనిగా ప్రాజెక్టును మలచడం పర్యవేక్షకుల బాధ్యత.