మంద, సంతతి, హక్కు: డిస్టోపియా కథనాలలో జన్యుమార్పిడి జంతువు

కీలకపదాలు: డిస్టోపియా, జన్యుమార్పిడి, జీవాలు, సంతతి, 'ఓక్జా', మార్గరెట్ ఆట్‌వుడ్, 'కొండపొలం'

1. ఉపోద్ఘాతం

నంద్యాల జిల్లాలో నల్లమలకు చేరువగా ఉన్న పాములపాడు, ఆత్మకూరు ప్రాంతాలలో గొర్రెలను, మేకలను కలిపి 'జీవాలు' అంటారు. ఆ మాటలో ప్రాణమూ ఉంది, ఆస్తీ ఉంది. ఒక కాపరికి నూరు జీవాలున్నాయంటే అది అతని సంపద లెక్క. ఈనలేక అవస్థపడే గొర్రె పక్కన రాత్రంతా కూర్చునేదీ ఆ కాపరే. తెల్లవారి సంతలో పొట్టేలును అమ్మేదీ అతడే. అందులో అతనికి వైరుధ్యం కనిపించదు.

చెడిపోయిన భవిష్యత్తును చిత్రించే డిస్టోపియా కథనాలపై వచ్చే విమర్శ ఈ రెంటినీ విడదీసి చూడడానికి అలవాటుపడింది. కంపెనీకి జంతువు సరుకు, కథానాయికకు స్నేహితుడు. ప్రేమ ప్రతిఘటన అవుతుంది, అమ్మకం ద్రోహం అవుతుంది. ఈ విభజన సరిపోదని, ఆ కథనాలలో బంధాన్ని తెంచేది అమ్మకం కాదని, పెంచినవారికి జంతువు సంతతిపై హక్కు లేకపోవడమని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' (2019) ఇందుకు తగిన ప్రమాణం. కరువు కాలంలో మేతా నీరూ లేక జీవాలను నల్లమలకు తోలుకుపోయే కాపరుల నవల అది. దానిని ప్రకృతి నవలగానో, యువకుని వికాస కథగానో చదవడం పరిపాటి. అడవిలో కాపరులు కాపాడుకునేది ఒక్కొక్క గొర్రెనే కాదని, వచ్చే ఏటి మందనని గమనిస్తే దాని ఆర్థిక తర్కం స్పష్టమవుతుంది.

2. పాలు, పోటీ

బాంగ్ జూన్-హో దర్శకత్వంలో వచ్చిన 'ఓక్జా' (2017) చిత్రంలో మిరాండో అనే సంస్థ ప్రయోగశాలలో 'సూపర్ పందుల'ను సృష్టిస్తుంది. వాటిని సహజమైనవని నమ్మబలికి, 26 పిల్లలను 26 దేశాల రైతులకు పెంపకానికి ఇస్తుంది. పదేళ్ల తర్వాత ఏది మేలైనదో పోటీ. కొరియా కొండల్లో తాతతో ఉండే మిజా అనే బాలిక దగ్గర పెరిగిన ఓక్జా అందులో గెలుస్తుంది.

ఇక్కడ విమర్శకులు తరచుగా దాటిపోయే విషయం ఒకటుంది. మిజా ప్రేమ సంస్థకు అడ్డంకి కాదు, అవసరం. ఆ కొండ, ఆ బాలిక, ఆ ఆలనాపాలనా లేకుంటే పోటీకి, ప్రచారానికి ముడిసరుకే లేదు. ప్రేమ ఉత్పత్తిలో భాగమైపోయినప్పుడు దానినే ప్రతిఘటన అని పిలవడం తొందరపాటు.

రాయలసీమ పాఠకునికి ఈ ఒప్పందం వింతగా తోచదు. జీవాలను 'పాలుకు' ఇవ్వడం ఇక్కడ ఎరిగిన పద్ధతే. ఆసామి ఆడ జీవాన్ని ఇస్తాడు, పెంచినవాడికి పిల్లల్లో వాటా దక్కుతుంది. ఆ పద్ధతిని ఆదర్శంగా చూపనక్కరలేదు. అందులో ఆసామిదే పైచేయి. అయినా పెంచినవాడి శ్రమ సంతతి రూపంలో తిరిగివస్తుంది. కొన్నేళ్లకు అతనికంటూ ఒక చిన్న మంద ఏర్పడే దారి మిగులుతుంది. మిరాండో పద్ధతిలో ఆ దారి మూసుకుపోయింది. పోటీ బహుమతి పెంచినవారికి రావచ్చు గాని, పిల్ల మాత్రం రాదు. ప్రయోగశాలలో ఓక్జాను బలవంతంగా జత కట్టించే దృశ్యాన్ని కేవలం హింసగా చదివితే సగమే చదివినట్టు. ఆమె గర్భం ఎవరి ఆస్తి అన్నది అక్కడ తేలిపోతుంది.

చివరికి మిజా బంగారు పంది బొమ్మ ఇచ్చి ఓక్జాను కొనుక్కుంటుంది. సంస్థ ఓడలేదు, బేరం కుదిరింది. అందుకే ఈ చిత్రపు కీలక క్షణం ఆ బంగారంలో లేదు. కబేళా కంచె అవతల ఉన్న జంట పందులు తమ పిల్లను ఇవతలికి తోస్తే, ఓక్జా దానిని నోట్లో దాచుకుంటుంది. డబ్బు చెల్లించకుండా, పత్రం లేకుండా సంస్థ చేయి దాటిపోయిన సంతతి ఆ ఒక్కటే.

3. ఆట్‌వుడ్: పెంపుడు జంతువు నుండి ఒడంబడిక దాకా

మార్గరెట్ ఆట్‌వుడ్ 'ఓరిక్స్ అండ్ క్రేక్' (2003)లో మనిషి అవయవాలను పెంచడానికి రూపొందించిన పందులు పిగూన్‌లు. వాటి దగ్గరకు వెళ్లే బాలుడు జిమ్మీకి వాటిపై భయమూ జాలీ రెండూ ఉంటాయి. అతడు పెంచుకున్న మరో కృత్రిమ జంతువు రకంక్. ఇల్లు విడిచి వెళ్లే తల్లి దానిని విడుదల చేస్తానంటూ వెంట తీసుకుపోతుంది. బాలునికి అది విముక్తిగా కాదు, దోపిడీగా అనిపిస్తుంది. రచయిత్రి ఎవరి పక్షమూ వహించలేదు. ఆ నిగ్రహం వల్లనే ఈ చిన్న ఘట్టం నవలలోని పెద్ద హెచ్చరికలకన్నా బలంగా నిలిచింది.

త్రయంలోని చివరి నవల 'మ్యాడ్‌అడమ్' (2013) నాటికి సంస్థలు కూలిపోయి పిగూన్‌లు తమంతట తామే మందలుగా పెరిగాయి. చనిపోయిన తమ పిల్లను మోసుకువచ్చి అవి మనుషుల ముందు ఉంచుతాయి. ఒకరినొకరు చంపుకోరాదన్న ఒడంబడిక కుదురుతుంది. వాటి మెదడులోని మానవ కణజాలమే దీనికి కారణమనడం సులభం. కాని వాటికి సొంత సంతతి ఏర్పడిన తర్వాతనే మనుషులు వాటితో మాట్లాడవలసి వచ్చిందన్నది అంతకన్నా ముఖ్యం.

4. పత్తిచేనులో గొర్రె

తెలుగు నేల ఈ చర్చకు బయట లేదు. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి లభించింది. ఆ హైబ్రిడ్ విత్తనాన్ని రైతు దాచుకుని మళ్లీ విత్తితే అదే పంట రాదు, ఏటా కొనవలసిందే. 2006లో వరంగల్ ప్రాంతపు కాపరులు, ఏరిన బీటీ పత్తిచేలలో మేసిన జీవాలు చనిపోయాయని ఫిర్యాదు చేశారు. జన్యుమార్పిడి పంటలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ ఆ సంబంధాన్ని అంగీకరించలేదు. కారణం ఏదైనా, విత్తన ఒప్పందంలో ఎక్కడా లేని కాపరి తన నష్టంతో ఆ చర్చలోకి రావలసివచ్చింది. డిస్టోపియా కథలకు ఇంతకన్నా సహజమైన వస్తువు దొరకదు.

2025 మే నెలలో షేర్-ఎ-కశ్మీర్ వ్యవసాయ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం దేశంలో తొలి జన్యు సవరణ గొర్రెపిల్లను ప్రకటించింది. కండరాల పెరుగుదలను అదుపుచేసే మైయోస్టాటిన్ జన్యువును అందులో సవరించారు, పరాయి జన్యువును చొప్పించలేదు. అది ప్రభుత్వ విశ్వవిద్యాలయపు పరిశోధన గనుక మిరాండోతో పోల్చడం అన్యాయం. అయితే అటువంటి గొర్రె రేపు నల్లమల అంచు మందలో కలిస్తే, ఏ పొట్టేలును విత్తనానికి ఉంచాలి, దేనిని సంతకు తోలాలి అన్న నిర్ణయం కాపరి చేతిలోనే ఉంటుందా అన్నది తెలుగు నవల ఎత్తుకోదగిన ప్రశ్న. 'కొండపొలం'లోని కాపరులకు ఆ నిర్ణయం విషయంలో ఎవరి అనుమతీ అక్కరలేదు.