జూడిత్ ఊసు ఎవరెత్తారు?

దుఃఖంలో ఉన్న పిల్ల, గాయపడిన గుర్రం, ఒకరి తోడుతో ఒకరు కోలుకోవడం - ఈ కథంటే ఇంగ్లీషు పాఠకులకి తీరని మోజు. నికొలస్ ఎవాన్స్ 1995లో రాసిన ‘ది హార్స్ విస్పరర్’ నవల, దాని ఆధారంగా రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ 1998లో తీసిన సినిమా ఆ కోవలో బాగా పేరు తెచ్చుకున్నవి. గుర్రమంటే పెళ్లి ఊరేగింపులో వరుడు ఎక్కేదే అనుకునే మనకి ఇందులో ఏముందని ఒక స్నేహితురాలు అడిగింది. గుర్రం సంగతి ఎలా ఉన్నా, ఒక ఆడపిల్ల దుఃఖం ఎలా నయమవుతుందని ఈ కథ చెబుతోందో, ఆ నయం చేసే పనిలో ఎవరి వంతు ఎంత పడిందో చూడాల్సిందే అనిపించింది నాకు.

మంచు పడిన ఒక ఉదయం ఇద్దరు స్నేహితురాళ్లు గుర్రాల మీద బయల్దేరతారు. మంచుకి జారిన లారీ వాళ్లని గుద్దేస్తుంది. జూడిత్ చనిపోతుంది. పదమూడేళ్ల గ్రేస్‌కి ఒక కాలు తీసేస్తారు. ఆమె గుర్రం పిల్‌గ్రిమ్ బతుకుతుంది గానీ మనిషి అలికిడికే బెదిరి మీదికొస్తుంటుంది. దాన్ని చంపించేయమంటే తల్లి ఆనీ ఒప్పుకోదు. న్యూయార్క్‌లో పెద్ద పత్రికకి సంపాదకురాలు ఆమె. గుర్రాల మనసు తెలిసినవాడని పేరున్న టామ్ బుకర్ ఆచూకీ పట్టుకుంటుంది. అతను రానంటే కూతుర్నీ గుర్రాన్నీ తీసుకుని తనే మోంటానా దాకా బండి నడుపుకుంటూ పోతుంది.

ఇక్కడిదాకా నాకు ఎవాన్స్ నచ్చాడు. పిల్‌గ్రిమ్ పిల్లని ఓదార్చే బొమ్మ కాదు. గ్రేస్ దాన్ని చూడటానికే భయపడుతుంది. ఒకే ప్రమాదం తాలూకు భయాన్ని రెండు శరీరాలు మోస్తున్నాయన్నది గొప్ప ఊహ. మాటల్లో పెట్టలేని దుఃఖం పిల్లలకి ఉంటుందని ఒప్పుకున్న రచన ఇది.

ఆనీ దగ్గరికొచ్చేసరికి కథ చూపు మారిపోతుంది. కాదన్నవాళ్లని వదలకపోవడం, ఎక్కడెక్కడో వెతికి కావలసిన మనిషిని పట్టుకోవడం ఆమెకి సంపాదకత్వం నేర్పిన విద్యలు. అవి లేకపోతే ఈ కథే లేదు. కానీ అవే ఆమె జబ్బు అన్నట్టు నడుస్తుంది. సినిమాలో టామ్ పిల్‌గ్రిమ్‌తో మెల్లగా పని చేస్తుంటే ఆనీ సెల్‌ఫోన్ మోగుతుంది. గుర్రం బెదిరి పచ్చికబయలులోకి పరుగెత్తుతుంది. టామ్ ఆ బయలులో గంటల తరబడి కూర్చుని అది తనంతట తాను వచ్చేదాకా ఎదురుచూస్తాడు. చాలా అందమైన దృశ్యం. అయితే ఆ ఓర్పు అంత పవిత్రంగా కనబడటానికి ముందుగా మోగాల్సింది తల్లి ఆఫీసు ఫోనే! తండ్రి రాబర్ట్ ఈ రోజులన్నీ న్యూయార్క్‌లో తన లాయరు పని తను చేసుకుంటూనే ఉంటాడు. ఆ పని వల్ల అతను కూతురికి దూరమయ్యాడని ఎవరూ అనరు. ఆనీకి మాత్రం ఆ ఉద్యోగం కాస్తా పోతుంది. ఉద్యోగం చేసుకుంటూ పిల్లల్ని పెంచిన నాలాంటివాళ్లకి ఈ లెక్క కొత్తదేం కాదు.

ఇక జూడిత్. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈమె సంగతే. తెల్లవారుజామున లేచి, నవ్వుకుంటూ, మంచులో గుర్రాలు తోలుకుపోయిన ఇద్దరాడపిల్లల్లో ఒకరు లేరు. గ్రేస్ ప్రమాదం గురించి టామ్‌కి చెప్పుకుని ఏడ్చే ఘట్టం ఒకటుంది. అది దాటాక స్నేహితురాలి ప్రస్తావన మసకబారిపోతుంది. తిరిగి గుర్రం ఎక్కగలదా లేదా అన్నదే ప్రశ్నవుతుంది. ఎక్కితే దుఃఖం తీరినట్టు. పదమూడేళ్ల వయసులో స్నేహితురాలంటే ఎంతో మనందరికీ తెలుసు. ఆ లోటుని గుర్రంతోనో మగ గురువుతోనో భర్తీ చేయొచ్చని రచయిత ఎలా అనుకున్నాడో! సినిమాలో గ్రేస్ ఇలాంటి తనని ఎవరు కోరుకుంటారని తల్లి దగ్గర ఏడుస్తుంది. ‘కాలు లేని పిల్లని ఎవరు చేసుకుంటారు’ అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాట అక్కడ ఆ పిల్లే తన గురించి తను అనుకుంటోంది. పోయిన స్నేహం కంటే రాబోయే మగవాడి చూపుకే ఆమె ఏడుపులో ఎక్కువ చోటు దొరికింది.

చివర్లో టామ్ తాళ్లతో పిల్‌గ్రిమ్ కాలు కట్టి, అది పెనుగులాడి పెనుగులాడి అలిసి నేలకి వాలేదాకా ఆగుతాడు. ఆపమని గ్రేస్ తల్లడిల్లుతుంది. వాలిన గుర్రాన్ని నిమరమంటాడు, ఎక్కమంటాడు. ఆమె ఎక్కుతుంది. గుర్రం లేచి నిలబడుతుంది. దీన్ని నమ్మకం అనాలా, లొంగుబాటు అనాలా? ఆ గుర్రం జవాబు చెప్పలేదు గనక కథ దాని తరఫున చెప్పేసింది. ఆనీ కూడా లొంగాల్సిందే. నవలలో టామ్ చనిపోతాడు, ఆమె అతని బిడ్డని కంటుంది. రెడ్‌ఫోర్డ్ దీన్ని మార్చాడు. సినిమాలో టామ్ బతికే ఉంటాడు, ఆనీ ప్రేమని వదులుకుని భర్త దగ్గరికి బయల్దేరుతుంది. కుటుంబం నిలబడింది, ప్రేక్షకులు కళ్లు తుడుచుకున్నారు.

టామ్ పాత్రకి ప్రేరణ అయినవాళ్లలో బక్ బ్రానమన్ ఒకరు. ఈ సినిమాకి సలహాదారు కూడా. ఆయన మీద సిండీ మీల్ అనే దర్శకురాలు 2011లో ‘బక్’ అనే డాక్యుమెంటరీ తీసింది. చిన్నప్పుడే తల్లి పోయింది, తండ్రి కొట్టేవాడు. అన్నదమ్ములిద్దర్నీ ఫారెస్ట్, బెట్సీ షర్లీ దంపతులు తమ ఇంట పెంచారు. అంటే దుఃఖంలో ఉన్న పిల్లాడు, గుర్రాలు అనే కథకి అసలు రూపం ఇదే. సినిమాలో లేనిది ఇందులో ఒకటుంది. పెంచిన తల్లి బెట్సీ వయసు మీదపడిన ముఖంతో తెర మీదికొచ్చి మాట్లాడుతుంది, నవ్విస్తుంది. ఆ కొడుకు అప్పటికి ఎంతో పేరున్న మనిషి. ఆమె ముందు మాత్రం చిన్న పిల్లాడిలా ఉంటాడు. ఆ కాసేపూ గుర్రాలు లేవు.