చివర నుంచి పైకి

ఆకివీడులో వాన నీరు త్వరగా కదలదు. నేల పల్లం, వాలు తక్కువ. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు కొల్లేరులో చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. ఆ ఏరు నిండుగా ఉన్న రోజుల్లో ఊరి కాలువలు మందగిస్తాయి. పెరటి తూములో జానెడు పూడిక ఉన్నా మురుగు గుమ్మం దాకా వస్తుంది.

అందుకే తొలకరికి ముందు పూడిక తీయడానికి పార, వెదురు బద్ద పట్టుకొచ్చే వాళ్లంటే నాకెంతో గౌరవం. పని తెలిసినవాళ్లు ఇంటి దగ్గర మొదలుపెట్టరు. నీరు వెళ్లి కలిసే చివర నుంచి పైకి తీసుకుంటూ వస్తారు; లేకపోతే కదిలిన బురద కిందికి జారి మళ్లీ అడ్డుపడుతుంది. తూములోకి బద్ద తోసి, తగిలే తీరును బట్టే అది ఇసుకో, చెట్టు వేరో, ప్లాస్టిక్ సంచో చెప్పేస్తారు. అడుగు వాలు చెడకుండా గీకుతారు. గుంట పడితే నీరు నిలిచి దోమలు చేరతాయి మరి. ఆఖరున రెండు బిందెల నీళ్లు పోసి, అవి ఆగకుండా సాగేదాకా అక్కణ్ణుంచి కదలరు.

గట్టు మీద వదిలేసిన పూడిక తొలి వానకే తిరిగి కాలువలో పడుతుంది. దాన్ని ఎత్తించడం, పనివాళ్లకు బూట్లు, చేతితొడుగులు ఇవ్వడం, కూలి దగ్గర బేరమాడకపోవడం ఇంటివాళ్ల వంతు. ఇక కాలువ కాక సెప్టిక్ ట్యాంకు పనైతే, రక్షణ లేకుండా అందులోకి మనిషిని దించడాన్ని 2013లో వచ్చిన చట్టం నిషేధించింది.