విద్యుత్ గిటారు - నాదవివేకము

విద్యుత్ గిటారు పేరు వినగనే మన పెద్దలు పలువురు మొగము చిట్లింతురు. దోషము వాద్యమునందున్నదా, వాయించువాని వినికిడియందున్నదా యని విచారించువారు అరుదు. పరదేశమునుండి వచ్చిన వయొలిన్‌ను బాలుస్వామి దీక్షితులు మన సంగీతమునకు అలవఱచినవారిలో మొదటివారు. నేడది లేని గాత్ర కచ్చేరి అరుదు.

వీణను గుఱ్ఱము చెంత మీటిన నాదము పదునుగాను, దూరముగా మీటిన గుండ్రముగాను పలుకుట మన మెఱిగినదే. గిటారు పికప్పులకును ఇట్టి భేదమే కలదు. బ్రిడ్జి చెంతనున్న పికప్ ఉపస్వరములను హెచ్చుగా గ్రహించును. మెడ చెంతనున్నది మూలస్వరమును నిండుగా నిచ్చును. ఫెండర్ సంస్థవారు 1950లో వెలువరించిన బ్రాడ్‌కాస్టర్ గిటారులో రెండవ నాబు ఈ రెండు నాదములను కలుపుటకే యుండెడిది. 1952లో దానిని టోన్ నాబుగా మార్చిరి. సామాన్యపు గిటారులో టోన్ నాబు క్రొత్త నాదమును చేర్చదు. హెచ్చు స్థాయి ధ్వనులను కెపాసిటర్ ద్వారా తగ్గించుటయే దాని పని. అది జల్లెడయే గాని వడ్డించు గరిటె కాదు.

ఉగాది సభలలో మన పిల్లలు త్యాగరాజ కీర్తనలను గిటారుపై వాయించుట ముదావహమే. కాని అందు రెండు లోపములు తఱచు గోచరించును. కొందఱు బ్రిడ్జి పికప్పునే నమ్మి, టోన్‌ను పూర్తిగా తెఱచి వాయింతురు. మీటు చప్పుడులో గమకము మునిగిపోవును. మఱికొందఱు మాధుర్యమని భ్రమించి టోన్‌ను పూర్తిగా మూయుదురు. అప్పుడు మీటు మొద్దుబారి సాహిత్యాక్షరముల విఱుపు తెలియదు. రెండవదియే మనకు హెచ్చు నష్టము. తెలుగు బడి లేని ఊళ్లలో పెరుగు పిల్లలకు కీర్తనయే పలుమాఱు మాతృభాషకు వాకిలి. అక్షర మెచ్చట మొదలగునో తెలుపని వాదనము ఆ వాకిలిని మూయును.

పాలకొల్లులో 1969లో జన్మించి చెన్నపట్టణమున స్థిరపడిన మాండొలిన్ శ్రీనివాస్ జంటతీగలను విడిచి, విద్యుత్ మాండొలిన్‌పై అయిదు ఒంటితీగలతో గమకములను పలికించెను. 2014లో ఆయన కీర్తిశేషుడయ్యెను. విద్యుత్ వాద్యము మన సంగీతమునకు పనికిరాదను మాట ఆయన వాదనముతో నిలువకపోయెను.

కావున యువకులు మొదట రెండు పికప్పులను సమముగా కలిపి, టోన్‌ను పూర్తిగా తెఱచి, పిమ్మట మెల్లగా తగ్గింపవలెను. గమకము నున్నబడి, మీటు ఇంకను స్పష్టముగా వినబడుచోట చేయి ఆపవలెను. పెద్దలు పల్లవిలోని మాటలను ప్రక్కన కూర్చుండి పలికినచో, ఆ చోటు పిల్లలకు సులభముగా తెలియును.